జాజా కొట్టివేయించిన షరతు

1884 డిసెంబర్ 19న నైజర్ డెల్టాలోని ఒపోబో అనే రేవు పట్టణంలో బ్రిటిష్ కాన్సుల్ ఎడ్వర్డ్ హ్యూయెట్ అక్కడి రాజు ముందు ఒక ఒప్పంద పత్రం పెట్టాడు. అది ఆ రాజు కోసం ప్రత్యేకంగా రాసింది కాదు. ఆ ఏడాది పశ్చిమాఫ్రికా తీరం పొడవునా ఊరూరా తిప్పిన ముసాయిదానే. ఊరి పేరు, నాయకుల పేర్లు మాత్రం మారేవి. చాలామంది స్థానిక నాయకులు పెద్దగా వాదించకుండానే తమ గుర్తు వేసి ఇచ్చారు. ఒపోబో రాజు జాజా మాత్రం ఆరో షరతు దగ్గర ఆగిపోయాడు. అన్ని దేశాల వాళ్లూ రాజ్యంలో ఎక్కడికైనా వెళ్లి స్వేచ్ఛగా వర్తకం చేసుకోవచ్చనేది ఆ షరతు. దాన్ని తీసేస్తేనే ఒప్పుకుంటానని ఆయన పట్టుబట్టాడు. హ్యూయెట్ దాన్ని కొట్టివేశాడు. ఆ తర్వాతే ఒప్పందం కుదిరింది.

మూడేళ్లు నిండకముందే జాజాను బ్రిటిష్ యుద్ధనౌక ఎక్కించి తీసుకుపోయారు. స్వేచ్ఛా వర్తకానికి అడ్డుపడ్డాడన్నదే ఆయన మీద మోపిన నేరం. అంటే ఒప్పందంలో లేని షరతును ఉల్లంఘించినందుకు శిక్ష పడిందన్నమాట.

ఆఫ్రికా, యూరప్‌ల వాణిజ్య సంబంధాల గురించి మాట్లాడేటప్పుడు ఆఫ్రికా వైపు నుంచి ముడిసరుకు, కూలీలు తప్ప వ్యాపారులు కనిపించరు. ఆ చిత్రం తప్పని చెప్పడానికి జాజా జీవితం ఒక్కటి చాలు. ధర ఎలా నిర్ణయమవుతుందో, రవాణా ఎవరి చేతిలో ఉంటే లాభం ఎవరిదో లివర్‌పూల్ వర్తకులకు ఎంత తెలుసో ఆయనకూ అంతే తెలుసు. ఆయనకు వచ్చిన చిక్కంతా అక్కడే మొదలైంది.

బానిసగా వచ్చినవాడు

జాజా 1821 ప్రాంతంలో ఇగ్బో ప్రాంతంలోని అమైగ్బోలో పుట్టాడు. ఇప్పుడది నైజీరియాలోని ఇమో రాష్ట్రంలో ఉంది. పన్నెండేళ్ల వయసులో అతన్ని పట్టుకుని బానిసగా అమ్మేశారు. చేతులు మారి సముద్ర తీరంలోని బోనీ రేవుకు చేరాడు. జుబో జుబోగా అన్న పేరు అక్కడ వచ్చింది. ఆ పేరు నోరు తిరగని తెల్ల వర్తకులు దాన్ని జాజాగా కుదించారు. చివరికి అదే నిలిచిపోయింది.

బ్రిటన్ బానిస వ్యాపారాన్ని నిషేధించింది 1807లో. అప్పటిదాకా బోనీ ఆ తీరంలో మనుషుల్ని అమ్మే పెద్ద రేవుల్లో ఒకటి. నిషేధం తర్వాత అవే ఓడలు, అవే లివర్‌పూల్ కంపెనీలు క్రమంగా మరో సరుకు వైపు మళ్లాయి. ఆ సరుకు పామాయిల్. ఇంగ్లండ్‌లో ఫ్యాక్టరీలు, రైళ్లు పెరుగుతున్న కాలమది. యంత్రాలకు కందెన కావాలి, సబ్బుకు, కొవ్వొత్తులకు నూనె కావాలి, రేకులకు తగరం పూత వేసే పనిలోనూ నూనె వాడేవారు. పామాయిల్ అన్నిటికీ పనికొచ్చింది. డెల్టాలోని నదులకు ఆయిల్ రివర్స్ అనే పేరు పడింది. ఇప్పుడా ప్రాంతం పెట్రోలుకు ప్రసిద్ధి కాబట్టి ఆ పేరు చూసి పొరపడేవాళ్లుంటారు. పెట్రోలు బయటపడింది 1956లో, పేరు వచ్చింది అంతకు చాలా ముందు.

విదేశాలకు వెళ్లే బానిసలు తగ్గినా లోపల బానిసత్వం పోలేదు. లోతట్టు ఊళ్ల నుంచి నూనె పీపాలను నదుల మీదుగా తెచ్చే పెద్ద పడవలకు తెడ్లు వేయడానికి మనుషులు కావాలి. అయితే బోనీ సమాజంలో ఒక విచిత్రం ఉండేది. అక్కడి వర్తకమంతా హౌస్ అని పిలిచే కుటుంబ సంస్థల చేతుల్లో నడిచేది. ఒక్కో హౌస్ ఒక కుటుంబం, ఒక వ్యాపార సంస్థ, ఒక చిన్న నౌకాదళం. కొని తెచ్చుకున్న బానిస కూడా తెలివితేటలుంటే అందులో సభ్యుడిగా కలిసిపోయి, తన పేరు మీద వ్యాపారం చేసి, పైకి రావచ్చు. కులీనుల కుర్రాడి కంటే పనిమంతుడైన బానిసకు బాధ్యతలు అప్పగించిన సందర్భాలు ఎన్నో. జాజా ఆ మెట్లే ఎక్కాడు. పడవ తెడ్డు దగ్గర మొదలుపెట్టి, నూనె కొనడం అమ్మడం నేర్చుకుని, నమ్మకస్తుడనే పేరు తెచ్చుకున్నాడు.

ఆ వ్యాపారం నడిచే తీరు తెలుగు రైతుకు పరిచయమైనదే. యూరప్ వర్తకుడు ముందుగా సరుకు అప్పిస్తాడు. ఉప్పు, తుపాకులు, మద్యం, గుడ్డలు. స్థానిక వర్తకుడు వాటిని లోపలి సంతలకు తీసుకెళ్లి మార్చుకుని, కొన్ని నెలల తర్వాత నూనెతో బాకీ తీర్చాలి. దీన్ని ట్రస్ట్ అనేవారు. పేరులో నమ్మకం ఉన్నా, అప్పు తీరేదాకా మరొకరికి సరుకు అమ్మకూడదన్నదే దాని అసలు బలం. మిర్చి యార్డులో పెట్టుబడి పెట్టిన కమీషన్ వ్యాపారికే పంట వేయాల్సి రావడం లాంటిదే ఇది.

ఆ గుడ్డల మూటల్లో మన వైపు నేతకూ చోటుంది. కోరమండల్ తీరంలో నేసిన గళ్ల రుమాళ్లు మద్రాసు నుంచి లండన్‌కు, అక్కడి నుంచి పశ్చిమాఫ్రికాకు వెళ్లేవి. బోనీకి పొరుగునే ఉన్న కలబారి ప్రజలు ఆ గుడ్డను ఇంజిరి అంటారు. ఇండియా అన్న మాటే వాళ్ల నోట అలా మారింది. పుట్టిన బిడ్డను చుట్టడం నుంచి శవయాత్ర దాకా వాళ్ల ప్రతి వేడుకలోనూ అది ఉండాల్సిందే. తర్వాతి కాలంలో చీరాల మగ్గాలు కూడా ఈ ఎగుమతి కోసమే నేశాయి.

అప్పులున్న పీఠం

బోనీలో రాజుతో సమానంగా చక్రం తిప్పినవి రెండు హౌస్‌లు. ఒకటి అన్నా పెపుల్, రెండోది మనిల్లా పెపుల్. జాజా ఉన్నది మొదటిదాంట్లో. దాని పెద్ద అలాలి 1861లో చనిపోయాడు. పోతూ పోతూ తెల్ల వర్తకులకు వేల పౌండ్ల బాకీ మిగిల్చాడు. ఆ బాకీకి భయపడి అర్హులైన పెద్దలెవరూ పీఠం ఎక్కడానికి ముందుకు రాలేదు. 1863లో జాజాను ఎన్నుకున్నారు. రెండేళ్లలో ఆయన ఆ బాకీలన్నీ తీర్చేశాడు. అక్కడితో ఆగకుండా, నష్టాల్లో కూరుకుపోయిన చిన్న హౌస్‌లను ఒకదాని తర్వాత ఒకటి తన గొడుగు కిందకు తెచ్చుకున్నాడు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే దివాలా అంచున ఉన్న సంస్థల్ని అప్పులతో సహా కొనేసి, వాటి పడవలు, మనుషులు, కొనుగోలు కేంద్రాలతో ఒక పెద్ద కంపెనీ కట్టాడు.

ఇది ఎదుటి హౌస్‌కు గిట్టలేదు. మనిల్లా పెపుల్ నాయకుడు ఓకో జంబో అవకాశం కోసం కాచుకున్నాడు. 1866లో బోనీ సింహాసనం ఎక్కిన జార్జ్ పెపుల్ ఇంగ్లండ్‌లో చదువుకున్న క్రైస్తవుడు. మంచివాడే గానీ ఇద్దరు మొనగాళ్ల మధ్య నలిగే రాజు. 1869లో ఒక అగ్నిప్రమాదం అన్నా పెపుల్ ఆస్తుల్ని చాలావరకు కాల్చేసింది. అది అదనుగా ఓకో జంబో యుద్ధానికి దిగాడు. ఊరి మధ్యలోనే ఫిరంగులు పేలాయి.

జాజా ఇక్కడ చేసిన పని ఆయన బుర్ర ఎలాంటిదో చూపిస్తుంది. బోనీలో గెలిచే వీలు లేదని తెలిశాక సంధి కావాలని బ్రిటిష్ కాన్సుల్‌కు కబురు పెట్టాడు. ఆ కాన్సుల్ చార్లెస్ లివింగ్‌స్టన్, ఆఫ్రికా అంతర్భాగాల్లో తిరిగిన డేవిడ్ లివింగ్‌స్టన్‌కు తమ్ముడు. చర్చలు సాగుతుండగానే జాజా తన మనుషుల్ని, పడవల్ని తీసుకుని తూర్పున ఇమో నది ముఖద్వారం దగ్గరకు తరలిపోయాడు. బోనీలోని 18 హౌస్‌లలో 14 ఆయన వెంట నడిచాయి. కొత్త ఊరికి ఒపోబో అని పేరు పెట్టాడు. బోనీని ఒకప్పుడు ఏలిన గొప్ప రాజు పేరది. బానిసగా వచ్చినవాడు తన ఊరికి రాజవంశం పేరు పెట్టడంలో ఉన్న సవాలు బోనీ వాళ్లకు అర్థం కాకుండా పోదు.

ఒపోబో ఉన్న చోటు చూస్తే అది పారిపోయి తలదాచుకున్న ఊరు కాదని తెలుస్తుంది. బోనీకి నూనె వచ్చే లోతట్టు సంతలకు దారి ఆ నదే. నది మూతి దగ్గర కూర్చున్నవాడు పైనుంచి వచ్చే సరుకును ఆపగలడు, కిందినుంచి వెళ్లే ఓడనూ ఆపగలడు. కొద్ది నెలల్లోనే బోనీ రేవుకు నూనె తగ్గిపోయింది. అక్కడ పాతుకుపోయిన కంపెనీలు లబోదిబోమన్నాయి. గ్లాస్గోకు చెందిన మిల్లర్ బ్రదర్స్ లాంటి కొన్ని కంపెనీలు మాత్రం గాలి ఎటు వీస్తోందో గ్రహించి ఒపోబోకు వచ్చేశాయి. 1870 డిసెంబర్ 25న జాజా ఒపోబోను స్వతంత్ర రాజ్యంగా ప్రకటించాడు.

మూడేళ్ల పేచీ తర్వాత 1873 జనవరి 4న బ్రిటన్ ఆయన్ను ఒపోబో రాజుగా గుర్తిస్తూ ఒప్పందం చేసుకుంది. అందులో ఒక షరతు ఆసక్తికరం. తెల్లవాళ్ల కోసం కేటాయించిన ఒడ్డు దాటి ఏ వర్తక ఓడా నది ఎగువకు వెళ్లకూడదు. హెచ్చరించినా వినకుండా వెళితే ఆ ఓడను జాజా పట్టుకోవచ్చు. 100 పంచన్ల నూనె జరిమానా కట్టేదాకా వదలనక్కర్లేదు. పంచన్ అంటే పెద్ద పీపా. ఒక ఆఫ్రికా రాజు బ్రిటిష్ ఓడను జప్తు చేయవచ్చని బ్రిటిష్ ప్రభుత్వమే రాసిచ్చింది. ఆనాటి బలాబలాలు అలా ఉన్నాయి.

ఆ స్నేహం కొన్నాళ్లు బాగానే సాగింది. అశాంతి రాజ్యంపై 1873-74లో బ్రిటన్ చేసిన యుద్ధానికి జాజా తన సైనికుల్ని పంపాడు. అందుకు మెచ్చి విక్టోరియా రాణి ఆయనకు ఒక ఖడ్గాన్ని బహూకరించింది.

దళారీ ఎందుకు?

ఒపోబోలో జాజా ఇటుకా సున్నంతో కాక, నియమాలతో కోట కట్టాడు. లోపలి సంతలన్నిటిలో తన మనుషులే కొనాలి. ఆ ఊళ్ల పెద్దలతో ఒట్టు పెట్టించుకుని, పెళ్లి సంబంధాలు కలుపుకుని, అప్పులిచ్చి ఆ ఏర్పాటును గట్టి చేసుకున్నాడు. తన రేవులో వర్తకం చేసే తెల్లవాళ్ల నుంచి కమీ అనే సుంకం వసూలు చేశాడు. మిషనరీలను రానివ్వలేదు. మతం మారినవాళ్లు పెద్దల మాట వినరని బోనీలో చూసి ఉన్నాడు. చదువును మాత్రం కాదనలేదు. ఊళ్లో మత ప్రసక్తి లేని బడి పెట్టించాడు. ఆయనకు కార్యదర్శిగా పనిచేసిన ఒక ఆఫ్రికన్ అమెరికన్ మహిళ ఆ బడి నడిపింది. తన కొడుకును చదువు కోసం గ్లాస్గో పంపాడు.

ఇదంతా చదివి ఆయన్ను మచ్చలేని వీరుడిగా ఊహించుకుంటే పొరపాటే. తాను బానిసగా బతికినవాడే అయినా ఒపోబో పడవల్ని నడిపింది బానిసలే. పొరుగున క్వా ఇబో నది దగ్గరి ఇబెనో ప్రజలు ఒక తెల్ల వర్తకుడితో నేరుగా వ్యాపారం చేసినందుకు 1881లో వాళ్ల మీద దాడి చేయించాడు. పట్టుబడ్డవాళ్లలో చాలామందిని చంపించాడు. గుత్తాధిపత్యం ఎవరిదైనా దాని కింద పడేవాళ్లు ఉంటారు. జాజా గుత్తాధిపత్యం కింద నలిగింది లోతట్టు రైతులు, చిన్న వర్తకులు.

అయితే లివర్‌పూల్ కంపెనీలకు వచ్చిన అభ్యంతరం ఆ ఇబెనో మృతుల గురించి కాదు. ధర గురించి. 1850లలో టన్ను 40 పౌండ్లు దాటిన పామాయిల్ 1880ల రెండో సగంలో 20 పౌండ్ల దగ్గరకు జారిపోయింది. పెట్రోలియం నుంచి తీసిన నూనెలు వచ్చాయి. ఆస్ట్రేలియా నుంచి పశువుల కొవ్వు వచ్చింది. 1869లో సూయజ్ కాలువ తెరిచాక ఇండియా నుంచి నూనెగింజలు సులువుగా యూరప్ చేరడం మొదలైంది. లాభం తరిగిపోతుంటే ఎవరో ఒకరి వాటా కోయాలి. కంపెనీల చూపు మధ్యలో ఉన్న డెల్టా వర్తకుల మీద పడింది. మలేరియాకు క్వినైన్ ఉంది, ఎగువకు వెళ్లగల ఆవిరి పడవలున్నాయి. ఇక ఈ మధ్యవాళ్లు ఎందుకు, మనమే నేరుగా ఊళ్లలో కొనుక్కుంటే పోలేదా అన్నది వాళ్ల లెక్క.

విశేషమేమిటంటే అదే లెక్క జాజా కూడా వేశాడు, అవతలి కొస నుంచి. ఒపోబోలోని కంపెనీలు సిండికేటుగా ఏర్పడి ఇంతకు మించి ధర పెట్టేది లేదని తేల్చి చెప్పాయి. జాజా తన నూనెను బేరానికి పెట్టకుండా స్టీమర్లలో కిరాయికి చోటు తీసుకుని తానే ఇంగ్లండ్‌కు పంపాడు. 1852 నుంచి ఆ తీరానికి క్రమం తప్పకుండా స్టీమర్లు తిరుగుతున్నాయి. డబ్బు కడితే ఎవరి సరుకైనా ఎక్కించుకుంటాయి. మధ్యలో తెల్ల దళారీ ఎందుకన్నది జాజా ప్రశ్న. కంపెనీలు తమ ప్రశ్నను స్వేచ్ఛా వర్తకం అన్నాయి. జాజా ప్రశ్నను గుత్తాధిపత్యం అన్నాయి.

సిండికేటు ఎక్కువ కాలం నిలవలేదు. మిల్లర్ బ్రదర్స్ అందులోంచి బయటికొచ్చి, ఒపోబో నూనె తమకే దక్కేలా జాజాతో మంచి ధరకు ఒప్పందం కుదుర్చుకుంది. దాంతో మిగతా కంపెనీల రేవులు బోసిపోయాయి. అంటే ఈ తగాదాను నల్ల రాజుకూ తెల్ల వర్తకులకూ మధ్య జరిగినదిగా మాత్రమే చూస్తే సగమే అర్థమవుతుంది. అది లివర్‌పూల్‌కూ గ్లాస్గోకూ మధ్య పోటీ కూడా. ఆఖరి దాకా జాజా తరఫున లండన్‌లో మాట్లాడింది మిల్లర్ కంపెనీయే, తన లాభం కోసమే అయినా.

రక్షణ అంటే ఏమిటి?

హ్యూయెట్ 1884లో ఆ ఒప్పందాలు పట్టుకుని ఎందుకు తిరిగాడో చెప్పుకోవాలి. ఫ్రాన్స్, జర్మనీ తీరం మీద కన్నేశాయి. ఆ జులైలో కామెరూన్‌కు జర్మన్ ప్రతినిధి నఖ్తిగాల్ ముందు చేరుకుని జెండా పాతేశాడు. కొద్ది రోజుల తేడాతో వెనకబడిన హ్యూయెట్‌కు ఆలస్యం కాన్సుల్ అనే వెక్కిరింపు పేరు మిగిలింది. మిగతా తీరమైనా జారిపోకూడదని అతని తాపత్రయం.

తన దగ్గరకు వచ్చిన ముసాయిదాలో రక్షణ అనే మాట జాజాకు నచ్చలేదు. దాని అర్థం ఏమిటో రాసి ఇమ్మని అడిగాడు. 1884 జులై 1న హ్యూయెట్ జవాబిచ్చాడు. మీ దేశాన్నీ మీ సంతల్నీ తీసుకోవాలన్న కోరిక రాణికి లేదని, మరే దేశమూ వాటిని లాక్కోకుండా చూడడమే ఉద్దేశమని, పాలన మీ చేతిలోనే ఉంటుందని ఆ ఉత్తరం సారాంశం. సంతలు అన్న మాట అందులో స్పష్టంగా ఉంది. ఆ ఉత్తరం దాచుకుని, ఆరో షరతు కొట్టివేయించుకుని జాజా డిసెంబర్‌లో ఒప్పందానికి అంగీకరించాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే బెర్లిన్‌లో యూరప్ దేశాల సమావేశం జరుగుతోంది. నైజర్ నదిలో నౌకాయానం అందరికీ స్వేచ్ఛగా ఉండాలని అక్కడ తీర్మానించారు. ఆ బల్ల దగ్గర ఆఫ్రికా వాళ్లెవరూ లేరు. 1885 జూన్ 5న నైజర్ జిల్లాలు తన రక్షణలో ఉన్నాయని బ్రిటన్ ప్రకటించింది. ఒపోబో కూడా అందులో కలిసింది. తర్వాతి ఏడాది జులైలో జార్జ్ గోల్డీ నడిపిన కంపెనీకి రాజపత్రం ఇచ్చి రాయల్ నైజర్ కంపెనీగా మార్చింది. ఆ కంపెనీ లైసెన్సులు, సుంకాలతో నైజర్ నది మీద ఇతరుల్ని దరిచేరనివ్వలేదు. స్వేచ్ఛా వర్తకం పేరుతో జాజా మీద ఒత్తిడి పెంచుతున్న ప్రభుత్వమే పక్క నదిలో గుత్తాధిపత్యాన్ని చట్టబద్ధం చేసింది. జాజా తప్పల్లా గుత్తాధిపత్యం నడపడం కాదు, దానికి లండన్‌లో వాటాదారులు లేకపోవడం.

ఒక గంట గడువు

1887లో హ్యూయెట్ స్థానంలో తాత్కాలిక కాన్సుల్‌గా హ్యారీ జాన్‌స్టన్ వచ్చాడు. వయసు 29. చిత్రకారుడు, జీవశాస్త్రంలో దిట్ట, భాషలు ఇట్టే పట్టేస్తాడు. తర్వాతి కాలంలో ఒకాపి అనే జంతువు శాస్త్రీయ నామంలో అతని పేరు చేరింది. పైకి రావాలన్న ఆత్రం అతనికి చాలా ఎక్కువ. జాజా సంగతి తేలిస్తే డెల్టా మొత్తం దారికొస్తుందని అతను నమ్మాడు.

కమీ కట్టవద్దని తెల్ల వర్తకులకు అప్పటికే ఆదేశాలున్నాయి. వాళ్లు ఎగువ సంతలకు వెళ్లి నేరుగా కొనాలని జాన్‌స్టన్ ప్రోత్సహించాడు. వెళ్లినవాళ్లకు కాలువలకు అడ్డంగా కట్టిన దుంగలు ఎదురయ్యాయి. సంతల్లో ఎవరూ సరుకు అమ్మలేదు. జాజాతో చేసిన ప్రమాణం తప్పబోమన్నారు. జాజా తన పెద్దల్ని లండన్ పంపి విదేశాంగ శాఖకు మొర పెట్టుకున్నాడు. హ్యూయెట్ ఉత్తరం, కొట్టేసిన షరతు ఆయన వాదనకు ఆధారాలు. కాగితం మీద ఆయన వాదనకు తిరుగులేదు.

ఆ వాదన తేలకముందే జాన్‌స్టన్ హెచ్‌ఎంఎస్ గోషాక్ అనే యుద్ధనౌకతో ఒపోబో చేరాడు. మాట్లాడుకుందాం రమ్మని జాజాకు కబురు పంపాడు. క్షేమంగా వెనక్కి వెళ్లనిస్తానని హామీ ఇచ్చాడు. 1887 సెప్టెంబర్ 19న జాజా వచ్చాడు. అక్కడ ఆయనకు చదివి వినిపించింది చర్చల ఎజెండా కాదు, హెచ్చరిక. లొంగిపోయి విచారణకు అక్రా రావాలి. లేదంటే వెనక్కి వెళ్లవచ్చు గానీ వెళ్లిన తర్వాత ఆయన్ను శత్రువుగా ప్రకటించి ఒపోబోను ఫిరంగులతో పేలుస్తారు. నిర్ణయానికి ఒక గంట. అలా చూస్తే జాన్‌స్టన్ ఇచ్చిన హామీ అక్షరాలా తప్పలేదు. జాజా ఊరి వైపు చూసి ఓడ ఎక్కాడు.

మన పాఠకులకు ఇది ఎక్కడో విన్న కథలా అనిపించవచ్చు. రెండేళ్ల ముందే 1885లో బర్మా రాజు థీబాను మాండలే నుంచి తీసుకొచ్చి మహారాష్ట్ర తీరంలోని రత్నగిరిలో పెట్టారు. ఆ యుద్ధానికి సాకు బాంబే బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్‌కు రాజు వేసిన టేకు కలప జరిమానా. కంపెనీకీ రాజుకూ లెక్కల్లో తేడా వస్తే రాజునే దేశం దాటించడం ఆ దశాబ్దపు పద్ధతి.

అక్రాలో విచారణ జరిపింది న్యాయమూర్తి కాదు, రియర్ అడ్మిరల్ వాల్టర్ హంట్ గ్రబ్. వర్తక మార్గాలను మూసివేశాడన్నది ప్రధాన అభియోగం. దోషిగా తేల్చి వెస్టిండీస్‌లోని సెయింట్ విన్సెంట్ దీవికి పంపించారు. ఏటా 800 పౌండ్ల భరణం ఇచ్చారు. ఇలాంటి పనిని మరెక్కడైనా అపహరణ అంటారని ప్రధానమంత్రి సాల్స్‌బరీ తమ ఫైళ్లలో రాసుకున్నాడు. అయినా నిర్ణయం మార్చలేదు. జరిగింది తప్పని తెలియక చేసింది కాదని చెప్పడానికి ఆ ఒక్క వ్యాఖ్య మిగిలింది.

ప్రవాసంలో జాజా ఆరోగ్యం దెబ్బతింది. ఇంటికి పంపమని మళ్లీ మళ్లీ అర్జీలు పెట్టుకున్నాడు. 1891లో ఆయన్ను బార్బడోస్ తీసుకొచ్చారు. ఆఫ్రికా నుంచి బానిసలుగా వెళ్లినవాళ్ల వారసులే ఆ దీవిలో ఎక్కువ. ఒక ఆఫ్రికా రాజు తమ వీధుల్లోకి రావడం వాళ్లకు పెద్ద సంగతి. అక్కడ ఆయన మీద జానపద పాట కూడా పుట్టింది. పన్నెండేళ్ల వయసులో ఆయన్ను పట్టుకున్నవాళ్లు బోనీలో కాక అట్లాంటిక్ దాటే ఓడకు అమ్మి ఉంటే ఆయన కూడా ఇలాంటి దీవిలోనే చెరకు తోటలో బతికేవాడు.

ఎట్టకేలకు వెనక్కి వెళ్లడానికి అనుమతి వచ్చింది. దారిలో కెనరీ దీవుల్లోని టెనెరిఫ్‌లో 1891 జులై 7న ఆయన చనిపోయాడు. టీలో విషం కలిపారన్న మాట ఒపోబోలో చాలాకాలం వినిపించింది. అక్కడే పాతిపెట్టిన దేహాన్ని తర్వాత వెలికి తీసి ఒపోబోకు తీసుకొచ్చారు. రాజుకు తగిన లాంఛనాలతో అంత్యక్రియలు జరిపారు.

ఆ తర్వాతి లెక్క

జాజాను తప్పించాక ఒపోబోలో స్వేచ్ఛా వర్తకం రావాలి కదా. లివర్‌పూల్ కంపెనీలు 1889లో ఒకటై ఆఫ్రికన్ అసోసియేషన్ ఏర్పాటు చేసుకున్నాయి. పోటీ పడి ధర పెంచడం కాదు, కలిసి ధర తగ్గించడం దాని పని. డెల్టాలో మిగిలిన పెద్ద వర్తకులకూ ఇదే దారి చూపించారు. 1894లో ఇత్సెకిరి నాయకుడు నానా ఒలోమును, 1897లో బెనిన్ రాజు ఒవోన్‌రామ్‌వెన్‌ను పదవి నుంచి దించి ఊరు దాటించారు. రాయల్ నైజర్ కంపెనీ తమను సంతల నుంచి వెళ్లగొట్టిందన్న కోపంతో 1895 జనవరిలో బ్రాస్ ప్రజలు అకాస్సాలోని కంపెనీ కేంద్రంపై దాడి చేశారు. దానికి ప్రతిగా వాళ్ల ఊళ్లు తగలబడ్డాయి. చివరికి నైజర్ కంపెనీని 1920లో సబ్బుల తయారీదారు లీవర్ బ్రదర్స్ కొనేసింది. 1929లో ఆఫ్రికన్ అసోసియేషన్ వారసులూ అందులో కలిసి యునైటెడ్ ఆఫ్రికా కంపెనీ ఏర్పడింది. జాజా కాలంలో రేవులో పోటీపడిన కంపెనీలు చాలావరకు ఒకే సంస్థ కిందకు చేరాయి. గుత్తాధిపత్యం పోలేదు, చేతులు మారింది.

ఆ 1929 చివర్లోనే పామాయిల్ ధర పడిపోయి, ఆడవాళ్ల మీద కూడా పన్ను వేస్తారన్న వార్త పాకడంతో ఆగ్నేయ నైజీరియా మహిళలు వేలాదిగా వీధుల్లోకి వచ్చారు. నూనె తీసేదీ అమ్మేదీ ఎక్కువగా వాళ్లే. డిసెంబర్‌లో ఒపోబో నది ఒడ్డున వాళ్ల మీద కాల్పులు జరిగాయి. మొత్తం ఆ తిరుగుబాటులో 50 మందికి పైగా మహిళలు చనిపోయారు.

పామాయిల్ చెట్టు కూడా అక్కడే ఉండిపోలేదు. 1848లో ఇండోనేషియాలోని బోగోర్ తోటలో నాలుగు మొక్కలు నాటారు. ఆగ్నేయాసియా తోటలకు అవే మూలం. 1960ల దాకా ఉత్పత్తిలో ప్రపంచంలో మొదటి స్థానంలో ఉన్న నైజీరియా ఇప్పుడు పామాయిల్ దిగుమతి చేసుకుంటోంది. అదే పశ్చిమాఫ్రికా చెట్టు మన గోదావరి జిల్లాల్లో, ఖమ్మంలో ఎకరాల కొద్దీ పెరుగుతోంది. ఏలూరు దగ్గర పెదవేగిలో దాని మీద జాతీయ పరిశోధన సంస్థ ఉంది. గెల ధర ఎవరు నిర్ణయించాలి, ఫ్యాక్టరీ యజమానా, ప్రభుత్వమా అన్న తగువు ఇక్కడి రైతులకూ తెలిసిందే.

ఒపోబో ఇప్పుడు నైజీరియాలోని రివర్స్ రాష్ట్రంలో ఉంది. ఊరి మధ్యలో జాజా విగ్రహం నిలబెట్టారు. యూరోపియన్ యూనియన్‌తో పశ్చిమాఫ్రికా దేశాల ఆర్థిక భాగస్వామ్య ఒప్పందంపై చర్చలు 2014లో ముగిశాయి. యూరప్ సరుకులపై చాలావాటికి క్రమంగా సుంకాలు ఎత్తేయాలన్నది అందులోని ముఖ్యాంశం. తమ ఫ్యాక్టరీలు తట్టుకోలేవంటూ నైజీరియా సంతకం చేయలేదు. కోకో, అరటి ఎగుమతులకు యూరప్ మార్కెట్ మూసుకుపోతుందన్న భయంతో ఘనా, ఐవరీ కోస్ట్ విడివిడిగా తాత్కాలిక ఒప్పందాలు చేసుకున్నాయి. 2016 నుంచి అవి అమల్లో ఉన్నాయి.